మూడు సర్వర్లకు మార్కులు

ముప్ఫైనాలుగేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాడికి సర్వర్లతో ఏమి పని అని మా అబ్బాయి నవ్వుతుంటాడు. పేకాట నాకు రాదు. నడకకు మోకాళ్ళు ఒప్పవు. నెలకు కొన్ని వందలు వెచ్చించి వర్చువల్ ప్రైవేట్ సర్వర్లను అద్దెకు తీసుకొని, పరీక్షలు పెట్టి పోల్చుకోవడం నాకు పట్టిన వ్యసనం. దిద్దడానికి పేపర్లు లేని పంతులు ఏదో ఒకటి దిద్దుకోవాలి గదా!

తెలియనివారికి ఒక మాట. పెద్ద లోగిలిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టే, ఒక పెద్ద యంత్రాన్ని కేవీఎమ్ వంటి సాధనంతో విభజించి పలువురికి ఇస్తారు. ఎవరి తలుపు వారిదే, ఎవరి తాళం వారిదే. నుయ్యి మాత్రం ఉమ్మడి.

ఈ విద్యలో నన్ను మొదట ఆకర్షించినవి పేర్లే. దశాంశాల లెక్కల వేగాన్ని కొలవడానికి 1972లో ఇంగ్లండులో వ్రాసిన పరీక్ష వెట్‌స్టోన్. అది ఒక ఊరి పేరు. 1984లో రైన్‌హోల్డ్ వైకర్ పూర్ణాంకాల పనికి మరొక పరీక్ష వ్రాసి, 'వెట్' అన్న ధ్వనికి తడి అనే అర్థం వస్తుంది గనుక, తనదానికి పొడి స్ఫురించేట్టు డ్రైస్టోన్ అని నామకరణం చేశాడు. యంత్రాలవారికీ శ్లేష ప్రీతి ఉన్నదని ముచ్చటపడ్డాను. ఈ రెండూ యూనిక్స్‌బెంచ్‌లో ఉన్నాయి. అందులో జార్జ్ అనే పాత స్పార్క్‌స్టేషన్‌కు 10 మార్కులిచ్చి, తక్కినవాటిని దానితో పోలుస్తారు.

ఆరంభంలోనే ఒకసారి మోసపోయాను. 'డీడీ' ఆజ్ఞతో ఒక గిగాబైటు వ్రాయించి, వచ్చిన వేగం చూసి మురిసిపోయాను. తీరా ఆ అక్షరాలు డిస్కు దాకా చేరనే లేదు. మెమరీలో ఉండగానే 'అయిపోయింది' అని చెప్పేసింది. ఎఫ్‌డేటాసింక్ అనే షరతు చేర్చి, డిస్కుకు చేరాకే లెక్క చెప్పమంటే వేగం ఐదోవంతుకు దిగింది. అప్పజెప్పిన పద్యానికి అర్థం అడిగితే పిల్లలు నేల చూపులు చూసేవారు, అదే గుర్తుకొచ్చింది.

గత వేసవిలో ముంబయి, బెంగుళూరు, సింగపూరులలో తలా ఒక సర్వరు తీసుకున్నాను. నా విద్యార్థులు ఏళ్ళ తరబడి ఊళ్ళో పెద్దలనడిగి వ్రాసి తెచ్చిన సామెతలకు ఒక స్థిరమైన చోటు కావాలి. మధ్యాహ్నం సిస్‌బెంచ్ నడిపితే ముంబయి ప్రథమం, బెంగుళూరు అధమం. దాన్ని రద్దు చేద్దామనుకున్నాను గాని, అద్దె గడువు ఇంకా ఇరవై రోజులున్నది. డబ్బు ఎలాగూ చెల్లించాను గదా అని గంటకోసారి మూడింటికీ అదే పరీక్ష జరిగేట్టు క్రాన్‌లో పెట్టి వదిలేశాను.

వారం తర్వాత పట్టిక చూస్తే తారుమారు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ముంబయి చతికిలబడుతున్నది. 'టాప్'లో 'ఎస్‌టీ' అనే అంకె 30 దాటుతున్నది. దాని పూర్తి పేరు స్టీల్, అనగా దొంగతనం. మనకు రావలసిన ప్రాసెసరు కాలాన్ని పక్కవాటాలవారు వాడుకుంటున్నారన్నమాట. బెంగుళూరుది రేయింబవళ్ళు ఒకే నడక. మరి మొదటి రోజు ఎందుకు తప్పింది? లాగ్ తీసి చూశాను. నేను పరీక్ష పెట్టిన వేళకు అది అప్పుడే పుట్టి, తన నవీకరణలు తానే దించుకొని అమర్చుకుంటున్నది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1991 ఫిబ్రవరిలో, జంగారెడ్డిగూడెం ప్రాంతపు బడిలో, తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు తెలుగు యూనిట్ పరీక్షలో 25కి 3 తెచ్చుకున్నాడు. "నీకు ఈ జన్మకు తెలుగు రాదురా" అని అందరి ముందూ అన్నాను. వార్షిక పరీక్షలకు వాడు రాలేదు. ఆ పరీక్షకు ముందురాత్రంతా పొగాకు బ్యారన్ దగ్గర మంట ఎగదోస్తూ కూర్చున్నాడని వేసవి సెలవుల్లో ఎవరో చెప్పారు. అప్పుడు విని ఊరుకున్నాను.

సామెతలు ఇప్పుడు బెంగుళూరులో ఉన్నాయి. కొత్త సర్వరు ఏది తీసుకున్నా పగలూ రాత్రీ కలిపి ఏడు రోజులు చూడనిదే మార్కు వేయడం లేదు. అడ్డతీగల నుంచి వచ్చిన వాళ్ళమ్మ మాటలని చెప్పి ఆ సంచికలో నలభైకి పైగా సామెతలు వ్రాసిచ్చినది ఆ పిల్లవాడే. ప్రతిదాని కిందా వాడి పేరుంచాను.