టాహో సరస్సులో ట్రౌట్ వేట

అమెరికాలోని కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దున, సియెర్రా నెవాడా పర్వతశ్రేణి నడుమ టాహో సరస్సు ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 1,900 మీటర్ల ఎత్తున నెలకొన్న ఈ సరస్సు పొడవు 35 కిలోమీటర్లు, వెడల్పు 19 కిలోమీటర్లు, గరిష్ఠ లోతు 501 మీటర్లు. ఆరు కుతుబ్ మీనార్లను ఒకదానిపై ఒకటి నిలిపినా పూర్తిగా మునిగిపోగల లోతు ఇది. ‘టాహో’ అన్న పేరు ఇక్కడి ఆదివాసులైన వాషో ప్రజల భాషలో సరస్సును సూచించే మాట నుండి వచ్చినది.

శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో స్థిరపడిన మా అబ్బాయి వద్దకు వెళ్ళినప్పుడు, ఒక జనవరి మాసంలో మేము ఈ సరస్సును దర్శించాము. చక్రాలకు గొలుసులు బిగించుకుని కారులో కనుమ దాటవలసి వచ్చింది. ఒడ్డున మోకాటి లోతు మంచు పేరుకున్నా, సరస్సు మాత్రం గడ్డకట్టలేదు. అంతటి జలరాశి వేసవిలో గ్రహించిన వేడిని తొందరగా విడువదు. పైన చల్లబడిన నీరు బరువెక్కి దిగుతుంటే, అడుగున ఉన్న నీరు పైకి వస్తుంది. అందువలన శీతకాలమంతా ఇక్కడ పడవలపై చేపల వేట సాగుతుంది.

సూర్యోదయానికి ముందే పడవ ఎక్కాము. రెండు రాష్ట్రాలలో దేని లైసెన్సు ఉన్నా సరస్సంతటా చెల్లుతుంది. ఇక్కడ వేటాడేది ముఖ్యంగా మాకినా అనే పెద్ద ట్రౌట్‌ను. 1974లో ఈ సరస్సులో పట్టుబడిన ఒక మాకినా సుమారు 17 కిలోలు తూగింది. అది చల్లని లోతులను ఆశ్రయించే చేప గనుక, తీగకు సీసపు గుండు కట్టి, గాలపు దారాన్ని దానికి క్లిప్పుతో తగిలించి, అరవై మీటర్ల లోతుకు దించారు. పడవ నడక వేగంతో సాగింది. రెండు గంటలపాటు సోనార్ తెరపై గీతలు తప్ప మరేమీ కనిపించలేదు. వేళ్ళు కొంకర్లు పోయాయి. అంతలో క్లిప్పు ఊడింది. వంగి ఉన్న గాలపు కర్ర ఒక్కసారి నిటారుగా లేచి మళ్ళీ వంగింది. మా అబ్బాయి దారం చుట్టసాగాడు. చేపకన్నా ముందు నీటిపైకి బుడగలు వచ్చాయి. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, తన తిత్తిలో వ్యాకోచించిన గాలిని మాకినా నోటి ద్వారా విడుస్తుందట. రెండు కిలోల చేప. బూడిదరంగు ఒంటిపై తెల్లని చుక్కలు.

మేము సంబరపడుతుండగా పడవ నడిపే పెద్దాయన, “ఇది ఈ సరస్సు చేప కాదు, తెచ్చి విడిచినది” అన్నాడు. అది నిజమే. మాకినాను పందొమ్మిదవ శతాబ్దం చివరలో తెచ్చి ఇక్కడ వదిలారు. మన కాశ్మీరు, నీలగిరులలోని ట్రౌట్లు కూడా ఇలా పరాయి నీళ్ళ నుండి తెచ్చినవే. టాహోకు సహజమైనది లహోంటన్ కట్‌త్రోట్ అనే ట్రౌట్. వాషో ప్రజలకు అది తరతరాల ఆహారం. 1859లో సమీపాన వెండి నిక్షేపాలు బయటపడ్డాక, గనులకు కలప కోసం చుట్టూ అడవులు నరికారు. చేపలను పట్టి పట్టణాలకు ఎగుమతి చేశారు. ఈ సరస్సు నుండి వెలువడే ఏకైక నది ట్రకీ. 1905లో దానిపై కట్టిన డెర్బీ ఆనకట్ట, దిగువన పిరమిడ్ సరస్సు చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురీదే దారిని మూసివేసింది. టాహోలో మిగిలిన కట్‌త్రోట్లకు మాకినా తోడేలైంది. 1940 నాటికి రెండు సరస్సులలోనూ ఆ చేప కనుమరుగైంది.

గనులు, ఆనకట్టలు దేశానికి ఎంత అవసరమో మన వంటి సంస్థలలో పనిచేసేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే నిర్మాణవ్యయం లెక్కలలో ఇటువంటి నష్టానికి ఒక పద్దు ఉండాలన్న ఆలోచన ఆ పడవలో కూర్చున్నప్పుడు మాకు బలంగా కలిగింది.

అదృష్టవశాత్తూ, పిరమిడ్ సరస్సు కట్‌త్రోట్ సంతతి దూరాన ఒక కొండవాగులో మిగిలి ఉన్నట్లు 1970లలో కనుగొన్నారు. ఆ సంతతిని పెంచి పిరమిడ్ సరస్సులో తిరిగి విడిచారు. ఇటీవలి సంవత్సరాలలో టాహోలోనూ కట్‌త్రోట్ పిల్లలను విడుస్తున్నారు. అక్కడికి వెళ్ళే అవకాశమున్న మిత్రులు ఉన్ని దుస్తులు, చేతి తొడుగులు మరువకుండా తీసుకువెళ్ళండి. ఒకరు రోజుకు రెండు మాకినాల వరకు ఉంచుకోవచ్చు. గాలానికి కట్‌త్రోట్ తగిలితే మాత్రం, మెల్లగా విడిపించి నీటిలోకి వదిలివేయవలసిందిగా మా మనవి.