అమ్మతో విండర్‌మియర్‌కి

ఎండాకాలం వచ్చిందంటే బ్రిటన్‌లో మన తెలుగు ఇళ్ళు అమ్మానాన్నల రాకతో కళకళలాడతాయి. టవర్ బ్రిడ్జీ, బకింగ్‌హామ్ ప్యాలెస్సూ చూపించాక "లేక్ డిస్ట్రిక్ట్ వెళ్దామా?" అంటాం. కొందరు అమ్మలు మాత్రం "నాకు ఓపిక లేదురా, మీరు వెళ్ళి రండి" అంటారు. దాని వెనక ఒక్కోసారి మోకాళ్ళ నొప్పులు కాదు, దగ్గినా నవ్వినా మూత్రం జారిపోతుందన్న భయం ఉంటుంది.

మా అమ్మకు 69 ఏళ్ళు. ఏప్రిల్‌లో వచ్చింది. ఆ సంగతి నాకు కాదు, కోడలికి చెప్పుకుంది. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. "నాలాంటి వాళ్ళకి పనికొస్తే రాయి, నాయనా" అంది.

ముందు డాక్టరుకి చూపించాం. ఇన్ఫెక్షన్ గానీ షుగరు గానీ లేవని తేలింది. కింది కండరాల వ్యాయామం నేర్పారు. మూత్రాన్ని ఆపుకుంటున్నట్టు బిగించి వదలాలి. విడతకు కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు చేయాలి. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు. ఆగస్టు నాటికి అమ్మకు చాలా తేడా కనిపించింది. అప్పుడు బయల్దేరాం.

లండన్ నుంచి విండర్‌మియర్ సుమారు 280 మైళ్ళు. ఎం1 మీద వెళ్ళి ఎం6 ఎక్కాలి. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, ఎక్కడెక్కడ ఆగాలో ముందే పట్టిక వేశాను. ఎం6 మీద కీల్, చార్నాక్ రిచర్డ్, లాంకాస్టర్ సర్వీసులు ఉన్నాయి. మోటార్‌వే సర్వీసుల్లో టాయిలెట్లు రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి, డబ్బు కట్టక్కర్లేదు.

రెండోది, రాడార్ తాళంచెవి. తాళం వేసి ఉంచే వికలాంగుల టాయిలెట్లు దేశంలో వేలల్లో ఉన్నాయి. 1981లో మొదలైన పథకం ఇది. ఒక్క తాళంచెవితో వాటన్నిటినీ తెరవచ్చు. కొద్ది పౌండ్లకే దొరుకుతుంది. మూత్రం ఆపుకోలేని వాళ్ళు కూడా వాడుకోవచ్చు. అమ్మ దాన్ని మా ఊరి బీరువా తాళాల గుత్తికి కలిపేసుకుంది!

మూడోది, చేతిసంచి. అందులో ప్యాడ్లు, ఒక జత బట్టలు, మూత ఉన్న ప్లాస్టిక్ సంచి. మంచినీళ్ళు మానేయడం పరిష్కారం కాదు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి ఇంకా తొందర పెడుతుంది. తగ్గించాల్సింది టీ, కాఫీలు. మా అమ్మకు అన్నిటికన్నా కష్టమైంది అదే!

విండర్‌మియర్ ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద సరస్సు, పదిన్నర మైళ్ళ పొడవు. బౌనెస్‌లో పడవెక్కి ఆంబుల్‌సైడ్ చేరడానికి సుమారు అరగంట. ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి టాయిలెట్‌కి వెళ్ళొచ్చింది. మధ్యలో కొండల్ని చూస్తూ కూర్చుంది. మనవడు ఏదో జోకేస్తే పకపకా నవ్వింది. చాలా కాలంగా అలా నోరారా నవ్వలేదని మా ఆవిడ తర్వాత నాతో అంది.

మర్నాడు గ్రాస్‌మియర్‌లో వర్డ్స్‌వర్త్ సమాధి చూశాం. పక్కనే 1854 నుంచి పేరున్న జింజర్‌బ్రెడ్. "మన అల్లం మురబ్బాలా ఉంది" అని రెండు పొట్లాలు కొనిపించింది.

మీ ఇంటికీ పెద్దవాళ్ళు వస్తే, వాళ్ళు "ఓపిక లేదు" అంటే అక్కడితో వదిలేయకండి. కూతురో కోడలో నెమ్మదిగా అడిగి చూడండి. డాక్టరుకి చూపించండి. ఆ తర్వాత కారు తీయండి.