వెళ్ళిన జట్లు, నిలిచిన జట్టు

ఢిల్లీలో పత్రికా కార్యాలయాలు బారులు తీరిన బహదూర్ షా జఫర్ మార్గ్ వెంట పాతనగరం వైపు సాగితే, ఫిరోజ్ షా కోట్లా శిథిలాలు కనబడతాయి. ఫిరోజ్ షా తుగ్లక్ టోప్రా నుంచి తెప్పించి నిలబెట్టిన అశోక స్తంభం నేటికీ అక్కడ నిలిచి ఉన్నది. ఆ పక్కనున్న క్రికెట్ మైదానం లోకప్రసిద్ధం. 1999లో అనిల్ కుంబ్లే ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లు పడగొట్టినది అక్కడే. కాని మరికొంత ముందుకు, ఢిల్లీ గేటుకు చేరువలో, అంత పేరులేని మైదానం ఇంకొకటి ఉన్నది. అది నగరపాలక సంస్థకు చెందిన అంబేద్కర్ స్టేడియం. రాజధాని ఫుట్‌బాల్‌కు దశాబ్దాలుగా అదే పుట్టిల్లు.

ఢిల్లీకి ఫుట్‌బాల్ వైభవం కొండమీది నుంచి దిగివచ్చినది. భారత ప్రభుత్వ విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్ 1888లో ప్రారంభించిన పోటీలు చాలాకాలం సిమ్లాలో బ్రిటిష్ పటాలాల వినోదంగానే సాగినవి. 1940లో అవి ఢిల్లీకి తరలినవి. ఆ సంవత్సరమే, నేటి నేషనల్ స్టేడియం ఉన్న చోట, కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటును 2–1 గోళ్ళతో ఓడించినది. డ్యూరాండ్ కప్పును గెలిచిన మొదటి భారతీయ క్లబ్బు అదే.

ఈ చరిత్రలో తెలుగు పాఠకులు గర్వించదగిన అధ్యాయం కూడ ఉన్నది. దేశవిభజన అనంతరం 1950లో పోటీలు తిరిగి మొదలైనప్పుడు కప్పును ఎగరవేసుకొని పోయినవారు హైదరాబాదు సిటీ పోలీసులు. 1954లోను, 1957లోను వారు మళ్ళీ గెలిచారు. 1961లో అదే జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో విజయం సాధించినది. వారిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారత జట్టుకు స్వర్ణ పతకం సంపాదించి పెట్టిన శిక్షకుడు.

అయితే మహాజట్లు ఏడాదికొకసారి వచ్చి పోయే అతిథులు. మిగిలిన రోజులలో మైదానానికి ప్రాణం పోసినవి స్థానిక క్లబ్బులు. పాతనగరపు గల్లీల నుంచి సిటీ క్లబ్, యంగ్ మెన్, మూన్‌లైట్ వంటి జట్లు వచ్చినవి. పొట్ట చేతపట్టుకొని రాజధానికి చేరినవారు కూడ తమ జట్లను తామే కట్టుకొన్నారు.

వాటిలో చెప్పుకోదగినది గఢ్వాల్ హీరోస్. హిమాలయ సానువులలోని పౌడీ, టెహ్రీ ప్రాంతాల నుంచి ఉద్యోగాలకై దిగివచ్చిన గఢ్వాలీలు 1953లో ఈ క్లబ్బును స్థాపించారు. అప్పటికి వారికి ప్రత్యేక రాష్ట్రమన్నది లేదు. ఉత్తరాఖండ్ ఏర్పడుటకు మరి నలభై ఏడు సంవత్సరాలు పట్టినది. పటంలో పేరు లేని ఆ సీమకు ఫుట్‌బాల్ మైదానంలో మాత్రం ఒక పేరు, ఒక జట్టు ఉన్నవి. పరాయి నగరంలో తమ యాస వినబడే చోటు, తమ ఊరి కుర్రవానిని చూసి కేక వేయగల చోటు మనిషికి ఎంత అవసరమో వలస పోయిన ప్రతి కుటుంబానికి తెలుసు.

కాలం మారినది. ఇరాన్‌కు చెందిన తాజ్ క్లబ్బు 1969 నుంచి వరుసగా మూడేళ్ళు గెలుచుకొన్న డి.సి.ఎం. ట్రోఫీ జ్ఞాపకంగా మిగిలినది. డ్యూరాండ్ కప్పు 2019 నుంచి ప్రధానంగా కలకత్తాకు తరలిపోయినది. అయినా మైదానం వన్నె తరుగలేదు. 2007లోను, 2009లోను భారత జట్టు సిరియాను ఓడించి నెహ్రూ కప్పును అందుకొన్నది ఇక్కడే. 2008లో వర్షాలకు హైదరాబాదు మైదానం పాడైనందున ఆసియా ఛాలెంజ్ కప్పు ఫైనల్‌ను ఇక్కడికి మార్చారు. సునీల్ ఛేత్రీ మూడు గోళ్ళు చేయగా భారత్ తజికిస్తాన్‌పై 4–1తో గెలిచి, 2011 ఆసియా కప్పులో ఆడే అర్హత సంపాదించినది.

ఇంతలో ధనబలం గల క్లబ్బుల యుగం వచ్చినది. ఇటలీ దిగ్గజం దెల్ పియెరో ఆడిన ఢిల్లీ డైనమోస్ 2014లో పుట్టి, 2019లో భువనేశ్వరానికి పోయి పేరు మార్చుకొన్నది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. 2025లో ఢిల్లీకి మకాం మార్చి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయినది. ఒక నగరానికి దక్కినది మరొక నగరం పోగొట్టుకొన్నదే. యజమాని నిర్ణయంతో జట్టు ఊరు మారవచ్చును, చొక్కా రంగు మారవచ్చును. ఉన్న ఊరిలోనే మిగిలిపోయేది అభిమాని ఒక్కడే.

గఢ్వాలీల క్లబ్బుకు అంతటి ఐశ్వర్యం ఏనాడూ లేదు. చిన్న క్లబ్బులను నడిపించేవి చందాలు, దాతల ఔదార్యం, ఆడేవారి పట్టుదల. వాటితోనే అది డెబ్బది ఏళ్ళు దాటినది. మహానగరాలలో జట్టును కొనవచ్చును, అమ్మవచ్చును. కొండ దిగి వచ్చినవారు తమ కోసం కట్టుకొన్న జట్టును మాత్రం తరలించుకొని పోయేవారు లేరు.