పాత ఫ్యాను, తెల్లకాగితం



కనిగిరిలో రూమ్ తీసుకున్నప్పుడు మా ముగ్గురి దగ్గర చాపలు, గిన్నెలు తప్ప ఏమీ లేవు. మే నెల ఎండలు. ఫోన్లో పాత సామాన్ల ప్రకటనలు వెతికాం.

కూలర్ అమ్ముతానన్న ఒకడు ఆర్మీలో ఉన్నానని చెప్పి, సామాను చూపించకుండానే అడ్వాన్స్ అడిగాడు. మేం పంపలేదు. ఇంకో ప్రకటన ఊళ్లోదే. పనికి హైదరాబాద్ పోతున్న కుటుంబం టేబుల్ ఫ్యాను, గ్యాస్ స్టవ్వు అమ్ముతోంది. వెళ్లి, ఫ్యాను తిప్పి, స్టవ్వు వెలిగించి చూసి, రెండూ 1,100కి తెచ్చుకున్నాం.

ఆటోలో వస్తుంటే పోలీసులు ఆపారు. "యాడివిరా ఇవి? బిల్లేది?" అన్నారు. ఊరడిగారు, కులమడిగారు. ఎరుకల అనగానే చూపు మారింది. ఫోన్ చేస్తే అమ్మినాయన బండి మీద వచ్చి చెప్పాడు. అప్పుడు వదిలారు.

1871లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1952లోనే రద్దయింది. మన ముందుతరాలను పుట్టుకతోనే దొంగలన్న చట్టం పోయింది గానీ, ఆ చూపు పోలేదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాతది కొనడం నామోషీ కాదు. సామాను చూశాకే డబ్బివ్వండి, ఫోన్‌పేలోనే పంపండి. ప్రకటనని స్క్రీన్‌షాట్ తీసుకోండి. తెల్లకాగితం మీద పేరు, తేదీ, సంతకం రాయించుకోండి. డబ్బు మనకి రావాలంటే పిన్ కొట్టక్కర్లేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఆయన రాసిచ్చిన కాగితం ఇప్పటికీ మా కులం సర్టిఫికెట్ల ఫైల్లోనే ఉంది.