కోలుకొనుట

నెల తప్పిన వార్త ఇంటిలో గుసగుసగా పుడుతుంది. మూడవ మాసం దాటేవరకు ఇరుగుపొరుగులకు చెప్పరాదని పెద్దలు కట్టడి చేస్తారు. అందుచేత ఆ లోపుగా గర్భం నిలువకపోతే ఆ దుఃఖానికి కూడా గుసగుసే మిగులుతుంది. ఎవరికీ తెలియని సంతోషం పోయినదని ఎవరితో చెప్పుకోవడం?

ప్రాచీనులు ఈ విషయాన్ని ఉపేక్షించలేదు. నాలుగవ మాసం వరకు జరిగినదానిని స్రావమనీ, ఐదారు మాసాలలో జరిగినదానిని పాతమనీ సుశ్రుతుడు వేరుపరచాడు. ఎన్ని మాసాల గర్భమో అన్ని రాత్రులకు శుద్ధి అని మనుస్మృతి విధించింది. శుద్ధికి లెక్క కుదిరింది గాని శోకానికి కుదరలేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం మరొక లెక్క చెప్పింది: గర్భస్రావమైన ఉద్యోగినికి వేతనంతో ఆరు వారాల సెలవు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి కూడా దానిని నిలిపింది. అయితే నాట్లు వేసే కూలి స్త్రీకి, ఇళ్ళలో అంట్లు తోమే పనిమనిషికి ఆ ఆరు వారాలు అందని పండ్లే.

శరీరానికి తన లెక్క ఒకటి ఉన్నది. రక్తస్రావం సాధారణంగా ఒకటి రెండు వారాలలో తగ్గుతుంది. నాలుగు మొదలు ఎనిమిది వారాలలో ఋతుక్రమం తిరిగి వస్తుంది. రక్తస్రావం పూర్తిగా ఆగేవరకు దంపతులు కలియరాదని వైద్యులు చెప్పడం లోపలికి సూక్ష్మజీవులు చేరుతాయన్న భయంచేతనే. జ్వరం, దుర్గంధంతో కూడిన స్రావం, ఆగని నెత్తురు కనిపిస్తే ఇంటి కషాయాలతో కాలయాపన చేయరాదు. బహిష్టు రాకముందే, రెండు వారాలకే, అండం విడుదల కావచ్చును. వెంటనే మరొక గర్భాన్ని కోరనివారు మొదటి కలయికనాడే జాగ్రత్తపడాలి.

తొలి మాసాలలో పోయిన గర్భాలలో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపంవల్ల పోయినవే. మెట్లెక్కినదనీ, బస్సులో ప్రయాణించినదనీ, భర్తను దరిచేరనిచ్చినదనీ చుట్టాలు వెదికే కారణాలు కారణాలు కావు. ఈ మాట ఆమెకు ఎంత అవసరమో అతనికీ అంతే అవసరం.

ఎందుకంటే శరీరం సిద్ధమైన దినమే మనస్సు సిద్ధం కాదు. తాకడమే అడగడమవుతుందని జంకి భర్త పడకను వసారాలోకి మార్చుకుంటాడు. అది దయ అని అతడు తలుస్తాడు. వెలి అని ఆమె తలుస్తుంది. ఇద్దరూ మాట్లాడరు. మరల కడుపు పండితే అంతా మరచిపోతుందని పెద్దలు తొందరపెడతారు. ఆరు మాసాలు ఆగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో సూచించింది. అంతకు ముందే గర్భం ధరించినవారికి అధిక హాని కనిపించలేదని తరువాతి పరిశోధనలు తెలిపాయి. అనగా ఆగడమా, సాగడమా అన్నది ఆ ఇద్దరి నిర్ణయమేగాని ఇంటిల్లిపాది నిర్ణయం కాదు.

కోరిక త్వరగా మేలుకొన్న స్త్రీ సిగ్గుపడనక్కరలేదు. మాసాలు గడిచినా మేలుకొననిదీ దోషి కాదు. “ఇంకా కాదండీ” అని ఆమె అనగలగాలి. ఆ మాట విన్న తరువాత కూడా అతడు లేచి వెళ్ళక, ఏమీ కోరని చేతిని ఆమె నుదుటిపై ఉంచగలగాలి. దాంపత్యం తిరిగి మొదలయ్యేది అక్కడనే. తక్కినది దాని వేళకు అది వస్తుంది.