గాలి పోయిందా అమ్మా?

సంక్రాంతి రోజుల్లో కడుపునొప్పితో వచ్చినవాళ్ళను నేను ముందుగా అడిగేది "తేగలు తిన్నారా?" అని. ఆవిడ తిన్నది. యాభై దాటిన మనిషి, దవడపళ్ళు సగం లేవు. టీవీ చూస్తూ మూడు తేగలు సరిగ్గా నమలకుండానే మింగేసిందట. రాత్రికల్లా పొట్ట డోలులా ఉబ్బింది. పచ్చటి వాంతులు, ఉండుండి మెలిపెట్టే నొప్పి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాసని ఇంజెక్షను పొడిచాడు. తెల్లారి ఆటోలో మా దగ్గరికి తెచ్చారు.

చీర కాస్త తప్పించి చూస్తే సంగతంతా పొట్ట మీదే రాసి ఉంది. బొడ్డు కింద పిల్లల ఆపరేషను గాటు, గర్భసంచి తీసిన నిలువు గాటు, కుడిపక్క అపెండిక్సుది. మన దగ్గర ఇలాంటి పొట్టలు అరుదేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5. గర్భసంచి తీయించుకోవడంలోనూ మనవాళ్ళదే ముందు వరస.

కోసిన పొట్టలో పేగులు ఒకదానికొకటి అతుక్కోవడం దాదాపు అందరిలోనూ ఎంతో కొంత జరుగుతుంది. పేగుల మీద పెరిటోనియం అనే పల్చటి పొర ఉంటుంది. అది గీరుకుపోయిన చోట ఫైబ్రిన్ అనే జిగురు ఊరుతుంది. మామూలుగా కొద్ది రోజుల్లో ఒంట్లోనే అది కరిగిపోవాలి. రక్తప్రసారం దెబ్బతిన్న చోట, చీము పట్టిన చోట, మేము గాజుగుడ్డతో గట్టిగా తుడిచిన చోట కరగదు. మెల్లగా నారకట్టి తాడవుతుంది. మా గ్లవ్స్‌లోని పౌడరు కూడా ఇందుకు కారణమే. అమెరికా 2017లో పౌడరు గ్లవ్స్‌ను నిషేధించింది. అంతకు చాలా ఏళ్ళ ముందు చదువుకున్నవాణ్ణి నేను. ఎన్ని పొట్టల్లో ఆ పిండి చల్లి వచ్చానో!

"ఇంకా కొయ్యరేంటి డాక్టరుగారూ?" అని ఆవిడ భర్త మొదటి పూట నుంచే గొడవ. మా గురువుల కాలంలో పేగు అడ్డుపడితే పొద్దుగూకేలోగా కోయాలనేవారు. ఇప్పుడు పేగు కుళ్ళే లక్షణాలు లేకపోతే రెండు మూడు రోజులు ఆగుతాం. ముక్కులోంచి గొట్టం వేసి, సెలైను ఎక్కించి, ఆ గొట్టంలోంచే గ్యాస్ట్రోగ్రాఫిన్ అనే ద్రవం పోస్తాం. ఇరవైనాలుగు గంటల్లో అది పెద్దపేగుకు చేరినట్టు ఎక్స్‌రేలో కనబడితే చాలామందికి కత్తి అవసరం ఉండదు. ఈ మధ్యకాలపు కొత్త పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఖర్చు తక్కువ, కోత లేదు.

ఈవిడకు చేరలేదు. మూడో రోజు కోశాను. పొట్ట అంత ఉబ్బి ఉంటే లాపరోస్కోపు దూర్చడానికి నాకు ధైర్యం చాలదు. పేగుకు చిల్లు పడుతుంది. లోపల పసుపుతాడంత నార ఒకటి పేగును బిగించి ఉంది, దాని వెనక తేగ పీచు ఉండకట్టింది. ఆ ఒక్క నారా కత్తిరించి, పీచును కిందికి నెట్టాను. పక్కన ఇంకా బోలెడు అతుకులు కనబడ్డాయి. ముట్టుకోలేదు. ముట్టుకుంటే అక్కడే మళ్ళీ పడతాయి.

తర్వాత రోజూ పొద్దున్నే ఒకటే ప్రశ్న: "గాలి పోయిందా అమ్మా?" ఆవిడ సిగ్గుతో గోడవైపు తిరిగేది. నడవమన్నాం. చూయింగ్ గమ్ నమలమంటే నవ్వింది, చివరికి మనవడి జేబులోంచి తీసుకుంది. నాలుగో రోజు వార్డంతా వినబడేలా ఆవిడ భర్తే అరిచాడు: "పోయిందండీ!" పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వారు. ఇక పథ్యం దగ్గర యుద్ధం. పప్పు తింటే కుట్లు చీముపడతాయని వాళ్ళమ్మ పెట్టనివ్వదు; నేనేమో పెట్టమంటాను. వద్దన్నవి తేగలు, మునక్కాడ పీచు, కమలాతొనల పైపొర. కొంచెం కొంచెంగా, మెత్తగా నమిలి తినమన్నాను.

డాలస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో అడిగాడు: "అతుక్కోకుండా పేగుల మీద వేసే పొర ఉందటగా అంకుల్, అమ్మకు వేశారా?" ఉంది, 1996 నుంచీ ఉంది. అచ్చం పూతరేకులా ఉంటుంది. తడి తగిలితే మన వేళ్ళకే అతుక్కుంటుంది. అది వేసినచోట అతుకులు తగ్గుతాయి, నిజమే. పేగు కోసి కుట్టిన చోట చుడితే మాత్రం కుట్టు కారే ప్రమాదం పెరుగుతుంది. మొత్తంమీద పేగు అడ్డుపడటాలు తగ్గలేదు, అతుకుల వల్ల మళ్ళీ కోయాల్సి రావడం కొంత తగ్గింది. పొట్టలో పోసి వదిలేసే ద్రవం కూడా ఉంది. ఒక్క నార కోసం ఆవిడకు అంత ఖర్చు పెట్టించబుద్ధి కాలేదు. పదేపదే కోయించుకున్న వేరే మనిషికైతే వేద్దునేమో.

నన్ను ఇప్పటికీ గుచ్చేది ఇంకొక కేసు. ఒక టీచరమ్మ. పేగు అడ్డుపడలేదు, వాంతుల్లేవు, ఏళ్ళ తరబడి నొప్పి ఒక్కటే. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, ఇంట్లో ఎవరూ నమ్మరు. ప్రాక్టీసు కొత్తలో లాపరోస్కోపుతో అతుకులన్నీ విడదీసి గొప్ప పని చేశాననుకున్నాను. ఆరు నెలలు హాయిగా ఉంది, స్వీట్లు తెచ్చిచ్చింది. ఏడాది తిరక్కముందే అదే నొప్పి.

2003లో లాన్సెట్‌లో డచ్ సర్జన్ల పరిశోధన వచ్చింది. ఇలాంటి నొప్పి ఉన్న వందమందికీ లాపరోస్కోపు పెట్టి, కొందరికి అతుకులు విడదీశారు, మిగిలినవాళ్ళకు చూసి మూసేశారు. ఎవరికి ఏం చేశారో రోగులకు చెప్పలేదు. ఏడాదికి రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, చెప్పుకోదగ్గ తేడా లేదు. పన్నెండేళ్ళ తర్వాత చూస్తే విడదీయించుకున్నవాళ్ళే ఎక్కువ బాధపడ్డారు. టీచరమ్మ మళ్ళీ వచ్చి "ఇంకోసారి విడదీయండి డాక్టరుగారూ" అంది. చేయనన్నాను. ఆ నొప్పి ఉన్నమాట నిజమేనని మాత్రం వాళ్ళాయన్ని కూర్చోబెట్టి చెప్పాను. నొప్పి మందులు చూసే డాక్టరు దగ్గరికి పంపాను. నొప్పి పోలేదు గానీ బడి మానలేదు.

తేగలావిడ మరుసటి ఏడాది సంక్రాంతికి వచ్చింది, చేతిలో తేగల కట్ట.

"మళ్ళీనా?" అన్నాను.

"నేను ముట్టట్లేదండీ. మీకే. మీ పొట్ట ఎవరూ కొయ్యలేదుగా!"

నాకూ ఇంటర్లో అపెండిక్సు తీశారని ఆవిడకు చెప్పలేదు. ఆ రాత్రి ఒక్క తేగ ఒలిచి, పీచు ఊసేస్తూ, అరగంట నమిలాను.