లివా ఇసుకలో ఒక రాత్రి

2024 డిసెంబరులో జాతీయ దినోత్సవం సెలవులకు మేము లివా వెళ్ళివచ్చాము. నాలుగు మాటలు రాయమని సంపాదకులు అడిగారు. అక్కడ చూసినదానికంటే మాకు తెలిసివచ్చినది ఎక్కువ గనుక అదే రాస్తున్నాము.

అబూధాబీ నుంచి పడమటి రోడ్డున పోయి తరీఫ్ దగ్గర ఎడమకు తిరగాలి. తిరగకుండా నేరుగా పోతే రువైస్ దాటాక బరాకా అణువిద్యుత్ కేంద్రం వస్తుంది. అక్కడ నాలుగు రియాక్టర్లున్నాయి. మొదటిది 2020లో, నాలుగోది 2024లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాయి. ఈ దేశపు కరెంటులో నాలుగో వంతు అక్కడిదే. ఈ మాట కారులో చెబుతుండగా మా పన్నెండేళ్ళ అమ్మాయి, "అణువు అంటే జెనీవా మిషనేనా నాన్నా? అది భూమిని మింగేస్తుందట. మా ఫ్రెండు ఫోనులో చూపించింది" అన్నది.

రియాక్టరు వేరు, ఆ యంత్రం వేరు అని చెప్పబోయాము. ఇంతలో వెనక సీటులోంచి మా అమ్మగారు, "నన్నడుగు తల్లీ. ఆ భయం నేను ఎప్పుడో పడ్డాను. మీ నాన్న నవ్వాడు" అన్నారు.

కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అది 2008 సెప్టెంబరు. రంజాన్ నెల. జెనీవా దగ్గర సెర్న్ సంస్థ వారు భూమికి సుమారు 100 మీటర్ల అడుగున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో పెద్ద యంత్రం కట్టారు. ప్రోటాన్లను దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా తిప్పి ఢీకొట్టించడం దాని పని. అందులో కృష్ణబిలం పుట్టి భూమిని మింగుతుందని కొందరు అమెరికాలో, హవాయి కోర్టులో దావా కూడా వేశారు. మన దేశంలో కొన్ని టీవీల వారు దీన్ని ప్రళయమని ఊదరగొట్టారు. 10వ తేదీన ప్రారంభమనగా ముందురోజు రాత్రి తెనాలి నుంచి అమ్మగారి మిస్డ్ కాల్. మేము తిరిగి ఫోను చేశాము. "పోయేదేదో అందరం ఒకచోట ఉంటే బాగుండును. పిల్లవాణ్ణి తీసుకుని వచ్చెయ్యరాదట్రా?" అన్నారు. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయి. "పొయ్యిమీద పప్పు మాడకుండా చూసుకో, భూమి సంగతి వాళ్ళు చూసుకుంటారు" అని నవ్వేశాము.

మర్నాడు మన గడియారంలో మధ్యాహ్నం 12 గంటల 28 నిమిషాలకు ప్రోటాన్లు మొదటి చుట్టు పూర్తి చేశాయి. ఆ రోజు ఢీకొట్టించడమనేదే లేదు. అధికశక్తితో ఢీకొట్టించడం 2010 మార్చి 30న గాని మొదలుకాలేదు. కాని మధ్యప్రదేశ్‌లో పదహారేళ్ళ అమ్మాయి ఒకతె టీవీ చూసి భయపడి ప్రాణం తీసుకున్నదని పత్రికల్లో వచ్చింది. అది చదివాక మాకు నవ్వు రాలేదు. అమ్మగారికి మళ్ళీ ఫోను చేసి చెప్పాలనుకున్నాము. చెయ్యలేదు.

మదీనత్ జాయెద్‌లో టీ తాగి బయలుదేరాము. లివా అంటే ఒక ఊరు కాదు, ఎర్ర ఇసుక కొండల నడుమ వరసగా ఉన్న ఖర్జూర తోటల పల్లెలు. మోరీబ్ తిన్నె దాదాపు 300 మీటర్ల ఎత్తు. దానికి దూరంగా చాప పరిచి, అమ్మగారికి మడత కుర్చీ వేసి, పులిహోర విప్పాము. అమావాస్య మర్నాడు. అన్ని చుక్కలు పిల్లలు ఎన్నడూ చూడలేదు.

అక్కడ చెప్పాము: "అమ్మా, ఈ ఆకాశంలోంచి అలాంటి కణాలే ఎప్పుడూ మన గాలిమీద పడుతూనే ఉన్నాయి. 1912లో హెస్ అనే ఆయన బెలూను ఎక్కి పైకి పోయి కనిపెట్టాడు. వాటిలో కొన్ని ఆ మిషనులోవాటికంటే ఎన్నో రెట్లు బలమైనవి. మిషనులో ఒక్కొక్క దెబ్బ పది పదిహేను దోమలు ఎగిరేటంత శక్తి, అంతే. కోట్ల ఏళ్ళుగా పైనుంచి దెబ్బలు తింటున్నా భూమి ఉన్నది గదా."

అమ్మగారు ఆలోచించి, "పైనుంచి వచ్చింది దూసుకుపోతుందేమో. ఇక్కడ పుట్టింది ఇక్కడే కూర్చుంటేనో?" అన్నారు.

మేము తెల్లబోయాము. శాస్త్రజ్ఞులు వేసుకున్న ప్రశ్న సరిగ్గా ఇదే. 2008 జూన్‌లో సెర్న్ వారు ప్రకటించిన భద్రతా నివేదికలో జవాబు ఉన్నది. గొల్లకావడి మూడు చుక్కల వరస వెంట కిందికి చూపించాము. అక్కడ సిరియస్ ధగధగలాడుతున్నది. దానికి కంటికి ఆనని తోడు నక్షత్రం ఒకటి ఉన్నది: సూర్యుడంత బరువు, భూమి అంత పరిమాణం. అంత గట్టివాటిలో అలాంటివి పుడితే దూసుకుపోలేవు, లోపలే ఆగిపోతాయి. అవి మింగేవే అయితే ఆ జాతి నక్షత్రాలు ఈపాటికి మిగిలి ఉండకూడదు. ఎన్నో కోట్ల ఏళ్ళవి ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"అయితే సరే" అన్నారు అమ్మగారు. కాసేపాగి, "ఈ మాట ఆనాడు చెప్పడానికి ఎన్ని నిమిషాలు పట్టేదిరా?" అన్నారు.

మా దగ్గర జవాబు లేదు. అమ్మాయి మాత్రం ఆ చుక్కనే చూస్తూ అవ్వ ఒళ్ళో నిద్రపోయింది.

వెళ్ళదలచినవారికి: రాత్రి చలి బాగా ఉంటుంది, రగ్గులు మరువకండి. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించండి. అమావాస్య దగ్గరి రోజులు చూసుకోండి. ఇంటికి పెద్దవాళ్ళు వచ్చి ఉంటే వెంట తీసుకువెళ్ళండి.